విపత్తు తర్వాత కంపెనీల బాధ్యత: చెక్కు ఇచ్చాక ఏమిటి?

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు బుడమేరు వాగు నీటిలో మునిగి ఉన్నాయి. అదే రోజుల్లో కృష్ణా నది కూడా పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ బ్యారేజీ చరిత్రలో అదే అత్యధికం. తొలి రోజుల్లో జనానికి కావలసినవి పడవలు, పాలప్యాకెట్లు, మంచినీళ్లు. నీరు తీశాక గాని అసలు నష్టం బయటపడలేదు. బురదలో నానిన ఫ్రిజ్‌లు, ఇంజన్లోకి నీరు పోయిన ఆటోలు, సరుకంతా పాడైన కిరాణా కొట్లు, తడిసి ముద్దయిన సర్టిఫికెట్లు, ఆగకుండా వచ్చి పడే ఈఎంఐలు. మరోవైపు కంపెనీల ప్రతినిధులు ముఖ్యమంత్రిని కలిసి సహాయనిధికి చెక్కులు అందిస్తున్న ఫొటోలు పత్రికల్లో వరసగా వచ్చాయి.

ఆ చెక్కులకు విలువ లేదని ఎవరూ అనరు. అయితే ఆటో మళ్లీ రోడ్డెక్కడానికి, కొట్టు మళ్లీ తెరుచుకోవడానికి కంపెనీల నుంచి రావలసింది అదేనా, అంతేనా అన్న ప్రశ్న చాలా కాలంగా నలుగుతోంది. డబ్బిచ్చి పక్కకు తప్పుకోవడమే మర్యాద అని కొందరంటారు. తమకు చేతనైన పనితో రంగంలోకి దిగాలని కొందరు, ఫ్యాక్టరీలు పెట్టి ఉద్యోగాలివ్వడమే అసలు సాయమని మరికొందరు అంటారు. విపత్తు పేరుతో కంపెనీలు లోపలికి రావడమే ప్రమాదమని హెచ్చరించేవారూ ఉన్నారు. 2013 కంపెనీల చట్టం వచ్చాక ఈ చర్చ తేటపడాల్సింది పోయి మరింత చిక్కుపడింది.

దివిసీమ, లాతూరు, కచ్

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. కార్పొరేట్ సామాజిక బాధ్యత అన్న మాట అప్పటికి తెలుగునాట వినబడేది కాదు. పత్రికలు, మఠాలు, స్వచ్ఛంద సంస్థలు చందాలు పోగుచేసి ఇళ్లు కట్టించాయి. ఈనాడు సహాయనిధితో రామకృష్ణ మిషన్ చేతుల మీదుగా పాలకాయతిప్పలో 112 ఇళ్లు లేచాయి. ఊరిని దత్తత తీసుకుని పక్కా ఇళ్లు కట్టించి తాళాలు అప్పగించడమనే ఈ పద్ధతి తర్వాత దశాబ్దాల పాటు దేశమంతటా దాతలకు నమూనాగా నిలిచింది.

దాని హద్దులు లాతూరులో తెలిశాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో దాదాపు 8 వేల మంది మరణించారు. ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన పునర్నిర్మాణ పథకం కింద 52 గ్రామాలను కొత్త చోట్లకు తరలించారు. నిర్మాణం ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతుల్లో, దాతల చేతుల్లో నడిచింది. పట్నం కాలనీల్లా తిన్నని వెడల్పాటి వీధులు, వరసగా ఒకే తీరు ఇళ్లు వచ్చాయి. భూకంపాన్ని తట్టుకునే ఇళ్లే అవి. కాని పశువుల కొట్టానికి, ధాన్యం నిల్వకు, ఇంటి ముందు నలుగురూ కూర్చుని పని చేసుకోవడానికి వాటిలో చోటు చూడలేదు. పొలం దూరమైంది. పాత ఊళ్లో పక్కపక్కన బతికిన కుటుంబాలు చెదిరిపోయాయి.

ఎనిమిదేళ్ల తర్వాత, 2001 జనవరి 26న కచ్‌లో భూమి కంపించినప్పుడు గుజరాత్ ప్రభుత్వం కూడా మొదట ఊళ్ల తరలింపు గురించే ఆలోచించింది. ఊళ్లు ఒప్పుకోలేదు. దాంతో దారి మారింది. ఇంటి యజమాని చేతికే విడతలవారీగా డబ్బు, ప్రతి దశలో ఇంజనీరు తనిఖీ, రాయితీపై సిమెంటు, మేస్త్రీలకు భూకంపాన్ని తట్టుకునే కట్టుబడిలో శిక్షణ. కచ్ నవనిర్మాణ్ అభియాన్ అనే స్వచ్ఛంద సంస్థల కూటమి కొన్ని ఊళ్లకు కలిపి ఒకటి చొప్పున 'సేతు' కేంద్రాలు పెట్టి, ఎవరికి ఎంత పరిహారం రావాలి, ఎక్కడ అర్జీ పెట్టాలి అన్న సమాచారం ఇంటింటికీ చేర్చింది. ఈ పద్ధతిలో రెండు లక్షలకు పైగా ఇళ్లు మళ్లీ లేచాయి.

జెన్నిఫర్ డ్యూన్ బారెన్‌స్టీన్ అనే పరిశోధకురాలు గుజరాత్‌లో వేర్వేరు పద్ధతుల్లో కట్టిన ఊళ్లను పోల్చి చూశారు. డబ్బు, సామగ్రి, సాంకేతిక సలహా అందుకుని సొంతంగా కట్టుకున్నవారిలో సంతృప్తి చాలా ఎక్కువ. పాత చోటికి దూరంగా కాంట్రాక్టర్ కట్టి అప్పగించిన కాలనీలు ఆ పోలికలో అట్టడుగున నిలిచాయి. ఇల్లు కట్టించి ఇవ్వడం దాతకు కళ్లెదుట కనిపించే ఫలితం. శిలాఫలకం వేయొచ్చు, ప్రారంభోత్సవం చేయొచ్చు. సిమెంటు ధర పెరగకుండా చూడటం, మేస్త్రీకి శిక్షణ ఇవ్వడం, పట్టా కాగితం లేనివాడికి దాన్ని ఇప్పించడం ఫొటోకు అందవు. కచ్ అనుభవం మాత్రం ఈ రెండో రకం పనులవైపే గట్టిగా మొగ్గు చూపుతుంది.

అలాగని సంస్థలు కట్టించే ఇళ్లన్నీ లాతూరు దారినే పోవాలని లేదు. 2018 వరదల తర్వాత కేరళలోని అలప్పుళ జిల్లాలో రామోజీ గ్రూపు 121 ఇళ్లు కట్టించినప్పుడు నిర్మాణాన్ని బయటి కాంట్రాక్టరుకు కాకుండా కుటుంబశ్రీ మహిళా బృందాలకు అప్పగించారు. ఇంటితోపాటు కూలి డబ్బు కూడా అక్కడి చేతుల్లోకే వెళ్లింది. నిధి పరిమాణంలో ఇది పెద్ద ఉదాహరణ కాదు. పద్ధతిలో మాత్రం ముఖ్యమైనది.

నాగపట్నం పడవలు

2004 డిసెంబరు 26 నాటి సునామీకి ప్రపంచమంతా కదిలింది. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారు. మత్స్యకారుడికి ఏమివ్వాలి అంటే దాతలందరికీ ఒకటే తోచింది: పడవ. కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, మత సంస్థలు పోటీపడి ఫైబర్ పడవలు పంచాయి. కొన్నేళ్లకు తీరంలో చూస్తే సునామీకి ముందున్న వాటికంటే ఎక్కువ పడవలు తేలాయి. చేపలు మాత్రం పెరగలేదు. పడవ ఉన్నవాడికి పడవ వచ్చింది. ఆ పడవలో కూలికి వెళ్లేవాడికి, తీరంలో చేప ఎండబెట్టి బుట్టలో మోసుకెళ్లి అమ్మే ఆడమనిషికి, ఉప్పునీరు చేరిన పొలంలో కూలి పోగొట్టుకున్న దళిత కుటుంబానికి ఆ పాటి సాయం దక్కలేదు.

డేనియల్ ఆల్డ్రిచ్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఇదే తీరంలో చేసిన అధ్యయనం ఈ చిక్కును ఇంకాస్త లోతుగా చూపింది. కట్టుబాటు గల ఊరు పంచాయతీలు ఉన్న మత్స్యకార గ్రామాలకు సాయం త్వరగా, సవ్యంగా చేరింది. అదే కట్టుబాటు దళితులను, స్త్రీలను, బయటినుంచి వచ్చి స్థిరపడినవారిని సాయం జాబితాల బయట నిలబెట్టింది. 'సమాజంతో కలిసి పనిచేస్తాం' అని ప్రతి కంపెనీ వార్షిక నివేదికలో రాసుకుంటుంది. ఆ సమాజం తరఫున మాట్లాడేది ఎవరు, ఎవరి తరఫున ఎవరూ మాట్లాడటం లేదు అని ఆరా తీయకపోతే ఆ మాట కాగితం మీదే మిగులుతుంది.

వాదాలు, వాటి బలాబలాలు

మొదటి వాదం సూటిగా ఉంటుంది. కంపెనీకి పునరావాసం తెలియదు. కాబట్టి ప్రభుత్వ నిధికో, అనుభవమున్న సంస్థకో నగదు ఇచ్చి తప్పుకోవాలి. వస్తువుల కంటే నగదు మేలన్నది ఈ వాదానికి పెద్ద బలం. సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎవరూ ముట్టని పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. వాటిని ఎత్తి పారేయడం మరో పని అయింది. విజయవాడలో నీరు చేరిన ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయలు నేరుగా ఖాతాల్లో వేసినప్పుడు ఏ కుటుంబానికి ఏది ముందు కావాలో ఆ కుటుంబమే తేల్చుకోగలిగింది. దీని బలహీనత వేరే చోట ఉంది. నిధిలో కలిసిన డబ్బు ఎక్కడ, ఎప్పుడు ఖర్చయిందో ఇచ్చినవారికీ తెలియదు, బాధితులకూ తెలియదు.

రెండో వాదం: కంపెనీ రోజూ చేసే పనే దాని అసలు ఆస్తి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 2005 ఆగస్టులో అమెరికాను కుదిపిన కత్రినా తుపాను. వాల్‌మార్ట్ దుకాణాలు 126 మూతపడ్డాయి. పది రోజులు తిరిగేసరికి పదిహేను తప్ప మిగిలినవన్నీ తెరుచుకున్నాయి. ఫెడరల్ యంత్రాంగం తడబడుతున్న రోజుల్లో ఆ సంస్థ లారీలు మంచినీళ్లు, ఆహారం, జనరేటర్లు చేరవేశాయి. స్థానిక మేనేజర్లకు సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వడమే అందుకు కారణమని ఆర్థికవేత్త స్టీవెన్ హార్విట్జ్ విశ్లేషించారు. రవాణా కంపెనీలు ఈ ఆలోచనను ఒక ఏర్పాటుగా మార్చాయి. డీహెచ్ఎల్ ఐక్యరాజ్యసమితితో ఒప్పందం చేసుకుని, విపత్తు వేళ విమానాశ్రయంలో పేరుకుపోయే సహాయ సామగ్రిని సర్దిపెట్టే బృందాలను సిద్ధంగా ఉంచుతోంది.

జపాన్‌లో 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. మర్నాటికే హోండా తన కార్ల నావిగేషన్ వ్యవస్థలో నమోదైన సమాచారంతో ఏ రోడ్ల మీద వాహనాలు వెళ్లగలుగుతున్నాయో చూపే వివరాలు బయటపెట్టింది. దానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. ఆ సమయంలో అంత విలువైన సాయం మరొకటి దొరకడం కష్టం. పార్సిల్ సంస్థ యమాటో ఏడాదిపాటు తాను చేరవేసే ప్రతి పార్సిల్‌పై 10 యెన్‌ల చొప్పున పక్కన పెట్టింది. మొత్తం సుమారు 1,420 కోట్ల యెన్‌లు పోగయ్యాయి. వాటిని సాధారణ నిధిలో కలపలేదు. దెబ్బతిన్న తీరంలో చేపల పరిశ్రమ, వ్యవసాయం, ఆసుపత్రులు, పిల్లల కేంద్రాలు తిరిగి నిలబడటానికి ఖర్చుచేశారు. మినమిసన్‌రికు పట్టణంలో తాత్కాలిక చేపల మార్కెట్ అలా వచ్చినదే. ఇక్కడ నగదు ఉంది, కంపెనీ సొంత పనీ ఉంది, ఒక ప్రాంతం బతుకుదెరువుపై గురీ ఉంది. మొదటి రెండు వాదాలు కలిసిన చోటు ఇది. ఈ చర్చలో ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

మూడో వాదం పెట్టుబడిది. కచ్ భూకంపం తర్వాత అక్కడ కొత్తగా పెట్టే పరిశ్రమలకు కేంద్రం ఐదేళ్ల ఎక్సైజ్ సుంకం మినహాయింపు ఇచ్చింది. అంజార్‌లో వెల్‌స్పన్ వంటి పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. వెనుకబడిన జిల్లా అనిపించుకున్న కచ్ ముఖం మారింది. పశువుల మేత భూములు పరిశ్రమల కిందికి పోవడం, నైపుణ్యం కావాల్సిన ఉద్యోగాలు బయటివారికి దక్కడం ఆ మార్పులోని రెండో పార్శ్వం. హైతీలో ఫలితం ఇంకా నిరాశపరిచింది. 2010 భూకంపం తర్వాత పునర్నిర్మాణం పేరుతో కట్టిన కారకోల్ పారిశ్రామిక వాడ భూకంపం దెబ్బతీసిన ప్రాంతంలోనే లేదు, దేశం ఉత్తర భాగంలో ఉంది. అక్కడ సాగు చేసుకుంటున్న వందల రైతు కుటుంబాలు భూములు ఖాళీ చేశాయి. ప్రకటించిన 65 వేల ఉద్యోగాలకు లెక్క ఎన్నడూ దరిదాపుల్లోకి రాలేదు.

నాలుగో వాదం ఇక్కడే బలం పుంజుకుంటుంది. నవోమీ క్లైన్ 2007లో వెలువరించిన 'ది షాక్ డాక్ట్రిన్'లో, జనం దిగ్భ్రాంతిలో ఉన్నప్పుడు మామూలు రోజుల్లో సాధ్యంకాని భూమి మార్పిడులు, ప్రైవేటీకరణలు చకచకా జరిగిపోతాయని వాదించారు. సునామీ తర్వాత శ్రీలంకలో భద్రత పేరుతో మత్స్యకారులను తీరానికి దూరంగా ఉంచి, హోటళ్లకు దారి ఇవ్వడం ఆమె చూపిన ఉదాహరణల్లో ఒకటి. అన్ని కంపెనీలనూ ఒకే గాటన కట్టడం ఈ వాదంలోని లోటు. కాని విపత్తు తర్వాతి ఆరునెలల్లో భూమి ఎవరి పేరు మీదికి మారుతోందో గమనించాలన్న దాని హెచ్చరికను తోసిపుచ్చడానికి వీల్లేదు.

ఈ వాదాల మధ్య కొంత తూకం చెప్పే పరిశోధనలూ వచ్చాయి. సునామీ, కత్రినా, 2005 కశ్మీర్ భూకంపాల సమయంలో ప్రపంచంలోని 500 అతిపెద్ద కంపెనీలు ఎలా స్పందించాయో అలన్ ముల్లర్, గెయిల్ వైట్‌మన్ పరిశీలించారు. అవసరం ఎక్కడ ఎక్కువ అన్నదాని కంటే కంపెనీకి ఎక్కడ వ్యాపారం ఉంది అన్నదే విరాళాన్ని ఎక్కువగా నడిపిస్తోందని తేలింది. లూయిస్ బాలెస్టెరోస్, మైకేల్ యుసీమ్, టైలర్ వ్రై 2017లో ప్రచురించిన అధ్యయనం దీనికి మరో కోణం చేర్చింది. వచ్చిన సాయంలో, ఆ దేశంలో ముందునుంచీ వ్యాపారం చేస్తున్న సంస్థల వాటా పెద్దదైతే కోలుకోవడం వేగంగా, మెరుగ్గా జరిగిందని వారు చూపారు. రోడ్లు, సరఫరాదారులు, అధికారులు, కూలీలు వారికి ముందే తెలుసు. అంటే స్థానికంగా ఉన్న కంపెనీ బాగా సాయం చేయగలదు. కంపెనీలే లేని చోటికి సాయం రాదు. విశాఖకు దక్కినంత శ్రద్ధ మన్యంలోని గిరిజన గూడేనికి దక్కదన్నమాట. ఆ ఖాళీని పూరించాల్సింది ప్రభుత్వమే.

చట్టం లెక్కపెట్టేది, పెట్టనిది

కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. విపత్తు నిర్వహణ, పునరావాసం, పునర్నిర్మాణం అన్న పద్దును ఆ చట్టం ఏడో షెడ్యూలులో 2019లో చేర్చారు.

చిక్కు వివరాల్లో ఉంది. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి, పీఎం కేర్స్‌కు ఇచ్చిన డబ్బు ఈ 2 శాతంలోకి వస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చినది రాదని కంపెనీ వ్యవహారాల శాఖ 2020 ఏప్రిల్‌లో తేల్చిచెప్పింది. వరద తాకిన రాష్ట్రం నిధికి ఇచ్చే డబ్బుకు చట్టం దృష్టిలో బాధ్యతగా గుర్తింపు లేకపోవడం సమర్థించుకోలేని విషయం. విపత్తు భారం మొదట మోసేది రాష్ట్రమే.

అంతకంటే లోతైన సమస్య మరొకటి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని చట్టం సామాజిక బాధ్యతగా గుర్తించదు. వస్తురూపంలో ఇచ్చినదానికి వెల కట్టి ఖర్చుగా చూపడం కుదరదని, ఉద్యోగులు వెచ్చించిన సమయానికి కూడా వెల కట్టరాదని అదే శాఖ 2021లో ఇచ్చిన వివరణ చెబుతోంది. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఇవి అవసరమైన నిబంధనలే. ఫలితం మాత్రం తలకిందులుగా ఉంది. వాల్‌మార్ట్ లారీలు, హోండా రోడ్డు వివరాలు వంటి అత్యంత ఉపయోగకరమైన సాయమేదీ మన లెక్కల్లోకి రాదు. చెక్కు వస్తుంది, ఇల్లు వస్తుంది. దాంతో బోర్డు సమావేశంలో చర్చ సహజంగానే వాటి చుట్టూ తిరుగుతుంది.

విజయవాడలో చట్టం బయటే కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. గృహోపకరణాల మరమ్మతుకు అర్బన్ కంపెనీ వంటి సేవా సంస్థలను ప్రభుత్వం రంగంలోకి దించింది. బీమా కంపెనీలను, బ్యాంకులను ముఖ్యమంత్రి పిలిపించి క్లెయిములు త్వరగా తేల్చాలని, రుణాల వాయిదాలు సవరించాలని కోరారు. వీటిలో ఏదీ దానం కాదు. బీమా కంపెనీ తాను అమ్మిన పాలసీ మాట సకాలంలో నిలబెట్టుకోవడం, బ్యాంకు రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారమే రుణాన్ని పునర్‌వ్యవస్థీకరించడం వారి విధి. ఆటో డ్రైవరుకు అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేవి కూడా అవే.

ఇంకా తేలనివి

సమయం సంగతి మొదటిది. విరాళాలు తొలి నెలలో వచ్చి పడతాయి. ఇల్లు, పొలం, కొట్టు నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే 'కొనసాగుతున్న ప్రాజెక్టు'లకు చట్టంలో వీలుంది. విపత్తుల విషయంలో దాన్ని వాడుకోవాలన్న పట్టుదల కంపెనీల్లో బలంగా లేదు.

రెండోది, ఎవరు ఎవరితో కలిసి నడవాలన్నది. వయనాడ్‌లో 2024 జులై 30న కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల తుడిచిపెట్టుకుపోయాక అనేక సంస్థలు ఇళ్లు కట్టిస్తామన్నాయి. కేరళ ప్రభుత్వం ఎవరికి తోచిన చోట వారు కట్టడానికి ఒప్పుకోకుండా కల్పెట్ట దగ్గర ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో ఒకే టౌన్‌షిప్‌కు ప్రణాళిక వేసింది. ఇంటికి 20 లక్షల చొప్పున దాతల నుంచి తీసుకుని నిర్మాణాన్ని ఉరాలుంగల్ కార్మిక సహకార సంఘానికి అప్పగించింది. రోడ్లు, బడి, ఆసుపత్రి అన్నీ ఒక చోట రావడం దీని లాభం. తరలింపుపై లాతూరు నేర్పిన పాఠం దీనికి ఎదురు నిలుస్తుంది. పాత చోటే ప్రమాదకరమైనప్పుడు తరలించక తప్పదు. తోటపనికి అలవాటుపడిన కుటుంబాలకు అక్కడ పని ఎలా దొరుకుతుందన్నదే దాని ఫలితాన్ని తేలుస్తుంది.

మూడోది తెలుగు రాష్ట్రాలకు చాలా దగ్గరిది. కాగితం లేని మనిషి సంగతి. కౌలురైతు పేరు మీద భూమి ఉండదు, రుణమూ ఉండదు. తోపుడుబండివాడికి దుకాణం లైసెన్సు ఉండదు. పట్టా లేనివారికి ఇల్లు కట్టించడం కంపెనీలకు కష్టం. కంపెనీలు రాసుకునే లబ్ధిదారుల జాబితాలు రెవెన్యూ రికార్డుల నుంచే మొదలైతే వీరంతా మొదటి గీతలోనే పోతారు.

ఇక అందరూ తప్పించుకు తిరిగే ప్రశ్న ఒకటుంది. విపత్తుకు దోహదం చేసినవారి సాయాన్ని ఎలా చూడాలి? బుడమేరు దారిని ఆక్రమణలు ఇరుకు చేశాయి. అది చేరాల్సిన కొల్లేరును చేపల చెరువులు ఏళ్ల తరబడి కమ్మేశాయి. 2006లో చెరువుల గట్లు కొట్టేసినా సమస్య తీరలేదు. వాగు మీద వెంచర్ వేసిన సంస్థ వరద వచ్చాక అన్నం పొట్లాలు పంచితే దాన్ని సాయం పద్దులో రాయడం అన్యాయం. ఆ సంస్థ మొదట చేయాల్సింది వాగు దారి వదలడం.

ఈ సమీక్షలో కనబడే మొగ్గు స్పష్టంగానే ఉంది. స్థానికంగా ఉన్న కంపెనీ, తన సొంత పనితో, బాధితుల నిర్ణయానికి లోబడి, మూడేళ్లు నిలిచి చేసే సాయం మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది. ఆ పనిలోని లోటు పూడ్చేదిగా చెక్కు ఉపయోగపడుతుంది, దానికి బదులుగా కాదు. కోస్తాకు అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. విశాఖ నుంచి నెల్లూరు దాకా గిడ్డంగులు, లారీలు, సెల్ టవర్లు, సిమెంటు, బీమా, రుణాల వ్యాపారం నడుపుతున్న సంస్థలు ఆలోగా జిల్లా కలెక్టర్లతో కూర్చుని ఎవరు ఏది ఎన్ని గంటల్లో అందిస్తారో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తమ 2 శాతంలో కొంత మూడేళ్ల పునరావాసానికి ముందే కేటాయించాలి. లబ్ధిదారుల జాబితాను గ్రామసభలో, కౌలుదారులూ అద్దెకున్నవారూ కూర్చున్న సభలో చదివి వినిపించాలి. రాష్ట్ర సహాయనిధికి ఇచ్చిన డబ్బును చట్టంలో గుర్తించాలని, విపత్తు వేళ ఇచ్చిన సేవలకు ఆడిట్‌కు నిలిచే లెక్క కట్టే పద్ధతి తేవాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రాన్ని అడగాలి.